ఈ ఏడు దాచిన చోటు

పియానో గదిలోంచి,
క్రిస్మస్ ముందు ఆగమన కాలం, మొదటి ఆదివారం.

ఆడపడుచు మేట్రనమ్మకు,

వదిన ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్నది. పెద్ద ఉత్తరమే, కళ్లజోడు తుడుచుకో. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు, నాకు అరవడం చేతకాదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ అరవకుండానే లెక్కలు చెప్పి పిల్లల్ని ఏడిపించినదాన్ని, ఈ వయసులో నీ కోసం కొత్తగా గొంతు పెంచుకోలేను.

పొద్దున ఆగమన కాలపు నాలుగు కొవ్వొత్తుల్లో మొదటిది వెలిగించాం. వెలిగించే చెయ్యి మీ అన్నయ్యది. ఆ చెయ్యి లేదు కనక అగ్గిపెట్టె బల్ల మీద పెట్టి నేనూ అబ్బాయీ కోడలూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. చివరికి అబ్బాయే గీశాడు. పుల్ల విరిగింది, ఇంకోటీ విరిగింది. ఊళ్లోవాళ్ల లిఫ్టులన్నీ బాగుచేసే మనిషికి అగ్గిపుల్ల లొంగలేదు.

తరవాత పశువుల పాక బొమ్మల పెట్టె అటక మీంచి దింపాం. గొర్రెలు, కాపరులు, గాడిద, కాలు విరిగిన ఒంటె, మరియమ్మ, యోసేపు, అందరూ క్షేమం. తొట్టి ఖాళీ. ఖాళీగా ఉండటం మనింట్లో కొత్త కాదు, మీ నాన్నగారు పెట్టిన ఆచారం. పండగ వెళ్లాక పాక సర్దేటప్పుడు ఇంటిపెద్ద బాలయేసు బొమ్మని తీసి ఎక్కడో దాచేస్తాడు. ఎక్కడో ఎవరికీ చెప్పడు. ఏడాదంతా ఎవరూ వెతకకూడదు. "వెతికితే దొరికేవాడు కాదు, తనే వచ్చేవాడు" అని మీ నాన్నగారి మాట. క్రిస్మస్ ముందునాటి సాయంత్రం ప్రార్థన మధ్యలో ఇంటిపెద్ద లేచి వెళ్లి తెస్తాడు. ఎక్కడ దాచిందీ అప్పుడు చెబుతాడు, అందరం నవ్వుతాం. ఒక ఏడు నా కుట్టుమిషను సొరుగు అడుగున. ఇంకో ఏడు నేను వారం వారం చర్చికి పట్టుకెళ్లే సంచి అస్తరులో. "మరియమ్మ తొమ్మిది నెలలే మోసింది. నువ్వు ఏడాది మోశావు" అన్నారు మీ అన్నయ్య. ఆ సంచి బరువని నేను విసుక్కున్న ఆదివారాలన్నీ గుర్తొచ్చి నాకు నవ్వు రాలేదు. వాళ్లకి వచ్చింది.

ఈసారి దాచినాయన వానాకాలంలో వెళ్లిపోయారు. ఎవరింట్లోనో పియానో శ్రుతి చేస్తూ, దాని మెట్టు మీద వేలు పెట్టి, అలాగే. చెప్పకుండా. దాచినవాడు మధ్యలో పోతే ఎలాగన్నది మీ నాన్నగారికి తోచలేదు చూడు, అదీ ఆచారాలు పెట్టేవాళ్ల తెలివి.

ఇంకో సంగతి. నీకు రాయకూడదనుకున్నాను. కోడలికి ఎనిమిదో నెల. కిందటిసారి ముందే ఊరంతా చాటాం. పండగ వెళ్లిన వారానికి బిడ్డ ఏడవకుండానే పుట్టాడు. మేం ముగ్గురం ఆసుపత్రిలో ఉంటే, నువ్వూ మీ అన్నయ్యా వాణ్ని శ్మశానానికి తీసుకెళ్లి పెట్టి వచ్చారు. తల్లి చూడలేదు. చూడకపోతేనే త్వరగా కోలుకుంటుందన్నారు డాక్టర్లు, మేమూ తలూపాం. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఆ మాట ఎత్తినవాళ్లు లేరు.

ఇవాళ ఆ పిల్ల ఖాళీ తొట్టి వంక చూసి, "మామయ్య ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలీదు కదా అత్తయ్యా. ఈ ఏడు రాడేమో" అంది. ఎవరని నేనడగలేదు. మందుల షాపులో చుక్క ఒలక్కుండా సీసాలు నింపే చెయ్యి అది. గొర్రెపిల్లని నిలబెట్టలేకపోయింది.

ఇది రాస్తుండగా పియానో మోగింది. ఒక్క మెట్టు. మూతకి తాళం ఉంది, తాళంచెవి నా మెడలో ఉంది. నాకు మతి ఉంది. నీకు రాయడం ఎందుకంటే, మూడోది లేదని అబ్బాయితో అనిపించుకోవడం ఇష్టంలేక.

నీ వదిన.


నా గది కిటికీ దగ్గర,
గురువారం.

వదినకు వందనాలు.

అమ్మాయి సంగతి విని ప్రభువుకి స్తోత్రం చెప్పుకున్నాను. ఎనిమిది నెలలు నా దగ్గర దాచావు, అది మర్చిపోను, వచ్చినప్పుడు దెబ్బలాడతాను. కాళ్లు వాస్తున్నాయా? బి.పి. చూపించారా? ఎడంపక్కకి తిరిగి పడుకోమను. బిడ్డ కదలికలు తననే గమనించుకోమను. నువ్వు గమనించకు, నీ చూపుకి పెద్దవాళ్లే కదలడం మానేస్తారు.

పియానోకి ఏమీ కాలేదు. చలికి చెక్క ముడుచుకుంటుంది, తీగ బిగుస్తుంది. ఆ మాట అన్నయ్యే అనేవాడు. దయ్యాల్ని నమ్మే వయసా వదినా మనది? దయ్యాలయ్యే వయసు.

బొమ్మ గొడవ వదిలెయ్. అలాంటివి బజార్లో బోలెడు. కొత్తది కొనుక్కో. వెతక్కు. వెతక్కూడదనే కదా నాన్న మాట.

నీ ఆడపడుచు.


వంటగది బల్ల దగ్గర,
రెండో ఆదివారం దాటిన మర్నాడు.

మేట్రనమ్మకు,

వెతక్కన్నావు. ఇల్లంతా వెతికాం.

మీ నాన్నగారి మాట ఇంతకాలం నిలబెట్టినదాన్ని నేనే, తీసిందీ నేనే. బియ్యం డబ్బాలు బోర్లించాం. పరుపులు కుట్లు విప్పాం. అబ్బాయి నిచ్చెనేసి దీపాల డూముల్లోకి చూశాడు. బాలయేసు తప్ప అన్నీ దొరికాయి. పోయాయనుకున్న నా కళ్లజోళ్లు దొరికాయి. ఎదురింటావిడ అరువిచ్చి, నేను తిరిగివ్వలేదని పదేళ్లుగా మొహం ముడుచుకుంటున్న గరిటె దొరికింది, ఆవిడే నెగ్గింది. పియానో కింది పలక విప్పితే బిస్కెట్ల కాగితాలు. డాక్టరు తీపి మానెయ్యమన్న నాటి నుంచీ మీ అన్నయ్య ప్రతి మధ్యాహ్నం 'శ్రుతి చూసుకుంటా' అని ఆ గదిలోకి వెళ్లేవారు. అదీ ఆ శ్రుతి. నవ్వుదామని కాగితాలు ఒళ్లో పోసుకుని నేల మీద కూర్చున్నాను. నవ్వు రాక, లేవడానికి అబ్బాయి చెయ్యివ్వాల్సి వచ్చింది.

పాస్టరు గారు వచ్చారు. "హృదయంలో వెతకండమ్మా" అన్నారు. "మొదట అక్కడే చూశానండీ. కాఫీ తాగుతారా?" అన్నాను.

పియానో మళ్లీ మోగింది. పలక విప్పి చూసిన మర్నాడు, భోజనాల తరవాత, ఆయన ఆ గదిలోకి వెళ్లే వేళకే. ఈసారి నేనొక్కదాన్నే కాదు. కోడలు మేడమెట్ల మీద ఆగిపోయింది, ఒక చెయ్యి కటకటాల మీద, ఒక చెయ్యి పొట్ట మీద.

"విన్నారా అత్తయ్యా?"

"చలికి చెక్క ముడుచుకుంది" అన్నాను. నీ మాటే, అరువు తెచ్చుకున్నాను.

"మామయ్య ముందు చూసుకునే మెట్టే అది" అంది. "దానితో కలిపే మిగతావన్నీ సరిచేసేవారు."

నాకు తెలియదా? శ్రుతి చూసుకునే ఫోర్కు మోకాలికి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఆ మెట్టు నొక్కి, మళ్లీ నొక్కి, సరిపోయిందనే దాకా ఇంట్లో ఎవర్నీ గిన్నె చప్పుడు చెయ్యనిచ్చేవారు కాదు. ఆ మోత ఆగాక ఇప్పటికీ నా చేతులు ఆగిపోతున్నాయి. ఇంకో మెట్టు కోసం ఎదురు చూస్తాను. రాదు. మొదటిది ఒక్కటే. ఏదో చెప్పబోయి మానేసినట్టు.

ఒక్క సంగతి నిన్నడగాలి. ఆయన చలికోటు ఇంకా తలుపు వెనకే వేలాడుతోంది. జేబులు వెతికితే కుడి జేబు నిండా ఎండిన మట్టి. బురద పడింది కాదు. చెయ్యి తుడుచుకున్న మట్టి, వేళ్ల గుర్తులతో సహా గుడ్డకి అంటుకుపోయింది. పియానోలు బాగుచేసే మనిషికి జేబులో మట్టి ఎందుకు? ఆ కోటు ఆయన ఆఖరుగా వేసుకున్నది కిందటి చలికాలంలో. నీతో కలిసి వెళ్లిననాడు.

నీ వదిన.


నా గది కిటికీ దగ్గర,
బుధవారం.

వదినకు,

తొందరలో రాస్తున్నాను. పార్సెల్ పంపుతున్నాను, విప్పేటప్పుడు జాగ్రత్త, పింగాణీ. షాపులో ఉన్నవాటిలో ఇదే ముద్దుగా ఉంది. తొట్టిలో పెట్టెయ్యండి. అమ్మాయి మనసు కుదుటపడుతుంది.

కోటు ఉతికించు.

ఇక్కడ నా మోకాళ్లు బాగాలేవు. ఈ పండక్కి రాలేను.

నీ ఆడపడుచు.


పియానో గదిలోంచి,
మూడో ఆదివారం.

మేట్రనమ్మకు,

నీ పింగాణీ బిడ్డ క్షేమంగా చేరాడు. మరియమ్మకంటే పెద్దవాడు. తొట్టిలో పట్టలేదు, తొట్టే వాడి ఒళ్లో పట్టేటట్టుంది. గొర్రెల వంక చూసే చూపు చూస్తే వాటిని మింగేస్తాడేమోనని భయమేసింది. అబ్బాయి నవ్వాడు. పోన్లే, నీ డబ్బుకి ఒక నవ్వు వచ్చింది.

కోడలు నవ్వలేదు. బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "మనవాడు కాదు" అంది. పెట్టెలో పెట్టి గడ్డి కప్పింది. ఆ కప్పే తీరు నాకు నచ్చలేదు.

మొన్న పొద్దున్నించి బిడ్డ కదల్లేదని కూర్చుంది. ఏడవలేదు, పిలవలేదు. వంటగదిలో కుర్చీ తొట్టికి ఎదురుగా వేసుకుని కూర్చుంది. నేను కేకు పిండి కలుపుతున్నాను, ఆ కూర్చోవడం చూసి గరిటె వదిలేశాను. అబ్బాయి ఎవరింటి లిఫ్టులోనో ఇరుక్కున్నవాళ్లని అక్కడే వదిలేసి వచ్చాడు. ఆసుపత్రిలో గుండె చప్పుడు వినిపించారు. గుర్రం పరుగులా ఉంది. "ఏం ఫర్వాలేదమ్మా, నిద్రపోతున్నాడు" అంది డాక్టరమ్మ. దారిలో ఈ పిల్ల అన్న మాట మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. "అవతలివాడు ఎక్కడున్నాడో తెలీకుండా ఇవతలివాడు ఎలా వస్తాడు అత్తయ్యా?"

బొమ్మ గురించి అందనుకున్నావా? నేనూ కాసేపు అలాగే అనుకోవాలని చూశాను.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. నువ్వు విరిగిన పిన్నీసు కూడా పారెయ్యవు. నీ పెళ్లికి కట్టిన రిబ్బన్లు ఇంకా నీ ట్రంకులో ఉన్నాయి, పెళ్లికొడుకు పోయి పాతికేళ్లైనా. అలాంటిదానివి మీ అమ్మగారి చేతి మీదుగా వచ్చిన బొమ్మ పోతే కొత్తది కొనుక్కోమన్నావు. వెతక్కన్నావు. మట్టి సంగతి అడిగితే కోటు ఉతికించమన్నావు. ఏ పండక్కీ రానన్నదానివి కావు, మోకాళ్లన్నావు. నీ మోకాళ్లు నాకు తెలుసు, నాకంటే ముందు బస్సెక్కుతాయి.

నీకు తెలుసు. ఏమిటో నాకు తెలీదు. నీకు తెలుసన్న సంగతి తెలుసు.

పియానో ఇప్పుడు రోజూ మోగుతోంది. అబ్బాయి కూడా విన్నాడు. విని, కిటికీ మూసి వస్తానని వెళ్లి, మూసే ఉన్న కిటికీని మళ్లీ మూసి వచ్చాడు. ఈ ఇంట్లో ముగ్గురం ఒకరికొకరం వినపడనట్టు నటిస్తున్నాం. నీకైనా నిజంగా వినపడదు, నీ పనే హాయి.

ఆ పిల్లకి ఏం చెప్పను?

నీ వదిన.


నా గది, కిటికీ మూసి,
మంగళవారం.

వదినా,

ఆ రోజు మీరంతా అమ్మాయి దగ్గర ఉన్నారు. వెనకగదిలో బిడ్డని తుడిచింది నేనే, గుడ్డలో చుట్టింది నేనే. కాన్పుల వార్డులో ఎందర్నో పట్టుకున్న చేతులు నావి, బతికినవాళ్లనీ కానివాళ్లనీ. అయినా ఆ గుడ్డ మూడుసార్లు విప్పి మళ్లీ చుట్టాను.

అన్నయ్య చూడనన్నాడు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తరవాత, "చూడకపోతే వాణ్ని చూసినవాళ్లు ఎవరుంటారే?" అని వచ్చాడు. గుడ్డ తొలగించి చెయ్యి చూశాడు. "బొటనవేలు నాదే" అన్నాడు. నిజమే వదినా, మా నాన్న దగ్గర్నించీ వస్తున్న పొడుగు వేలు.

శ్మశానంలో పెట్టెకి మూత పెట్టబోతుంటే ఆగమన్నాడు. పొద్దున పాక సర్దుతుండగా మీ ఫోన్ వచ్చిందట, చేతిలో ఉన్నది జేబులో వేసుకుని పరిగెత్తుకొచ్చాడట. ఆ జేబులోంచి తీశాడు. మన బాలయేసు. "ఒక్కడే ఎలా పడుకుంటాడే?" అన్నాడు. లోపల పెట్టాడు.

"ఈ ఏడు ఇక్కడ దాస్తున్నాను" అన్నాడు.

నేను తిట్టాను. అమ్మ చేతి బొమ్మ, ఇంట్లో ఏం చెబుతావన్నాను. "క్రిస్మస్‌కి చెబుతాను, ఎప్పుడూ చెప్పినట్టే. అప్పటికి అమ్మాయి వినగలుగుతుంది. అప్పటిదాకా నువ్వు నోరెత్తకు" అన్నాడు. వంగి మట్టి తనే సర్దాడు. ఆ చెయ్యి జేబులో తుడుచుకున్నాడు.

క్రిస్మస్‌కి ఉంటాననుకున్నాడు. నేనూ అలాగే అనుకుని ఒప్పుకున్నాను. ఇప్పుడు చెబితే మాట తప్పినట్టు, చెప్పకపోతే నీ ఉత్తరాలు. నిండు నెలల పిల్లకి సమాధి గురించి చెప్పమని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అందుకే పింగాణీది కొన్నాను. పెద్దదని షాపులోనే తెలుసు. చిన్నవి చూళ్లేకపోయాను.

చెప్పాలో వద్దో నువ్వే తేల్చు. లెక్కల టీచరువి.

నీ ఆడపడుచు.


పియానో గదిలోంచి,
క్రిస్మస్ రోజు మధ్యాహ్నం.

మేట్రనమ్మకు,

నీ ఉత్తరం చదివి మడిచి జాకెట్లో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. చెప్పకూడదని తేల్చుకున్నాను. గట్టిగా తేల్చుకున్నాను. నిన్న పొద్దున వంటగదిలోకి వెళితే ఆ పిల్ల ఖాళీ తొట్టిలో గడ్డి సర్దుతోంది. పడుకునేవాళ్లకి గుచ్చుకోకుండా పెద్ద పరకలు ఏరేస్తోంది. నా తీర్పు అక్కడికక్కడే కొట్టేశాను.

కూర్చోబెట్టి చెప్పాను. నాకు మెత్తగా చెప్పడం రాదు, నీకు తెలుసు. నువ్వు రాసింది రాసినట్టు చెప్పాను. మామయ్య ఎక్కడ దాచారో, ఏమన్నారో. పొట్ట మీద చెయ్యి తియ్యకుండా వింది. పొయ్యి మీద పాలు పొంగినా ఇద్దరం లేవలేదు.

"మామయ్య చూశారా వాణ్ని?"

"చూశారు. మీ చిన్నత్తయ్య కూడా చూసింది. బొటనవేలు మామయ్యదట."

తన బొటనవేలు చూసుకుంది. నావి చూసింది. మనవి కావని తేలిపోయింది.

"ఏ చేతి పక్కన పెట్టారు?"

నాకు తెలియదన్నాను. జీవితంలో జవాబు తెలియక పిల్లల ముందు సిగ్గుపడింది అదొక్కసారే.

అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్లకి, గట్టిగా, ఎదురింటావిడ గరిటె పట్టుకుని వచ్చేసేటంత గట్టిగా. ఏడ్చి, మొహం కడుక్కుని, వాడికి ఎప్పుడో మనసులో పెట్టుకున్న పేరు నాకు చెప్పింది. మంచి పేరు. నేను రాయను. దాని నోట వినాలి నువ్వు.

సాయంత్రం ప్రార్థనకి నాలుగో కొవ్వొత్తి తనే వెలిగించింది, ఒక్క పుల్లతో. అబ్బాయికి మధ్యాహ్నమే చెప్పాం. వాడు వాక్యం చదువుతూ, తండ్రి లేచి వెళ్లే చోటికి వచ్చేసరికి ఆగిపోయాడు. అలవాటు మేట్రనమ్మా, ముగ్గురం తలుపు వంక చూశాం. ఆయన లేచి వెళ్లే తలుపు. చెప్పులు లేని అడుగులు వినిపిస్తాయేమోనని. ఎవరూ రాలేదు. కొవ్వొత్తులు నాలుగూ ఒకేసారి పక్కకి వాలాయి, తలుపు తీసినప్పుడు వాలినట్టు. తలుపు తీసి లేదు.

పియానో మోగింది.

భయపడలేదని రాస్తే పండగపూట అబద్ధమవుతుంది. అబ్బాయి పుస్తకం మూశాడు. ఎవరం కిటికీ సంగతి ఎత్తలేదు, చెక్క సంగతి ఎత్తలేదు. కోడలు మాత్రం కళ్లు మూసుకుని, ఆ మోత ఆగకముందే దాని శ్రుతి అందుకుని పాట ఎత్తుకుంది. వెంట్రుకవాసి అటూ ఇటూ కాలేదు. మీ అన్నయ్య ఉంటే తలూపేవారు. మేమూ పాటలో కలిశాం. నా గొంతు సంగతి నీకు తెలుసు. ఆయన ఆ మెట్టు ఇంకోసారి నొక్కలేదంటే నన్ను క్షమించినట్టే.

తొట్టి ఖాళీగానే ఉంచాం. ఎక్కడున్నాడో తెలిసింది, అది చాలంది పిల్ల.

ఇవాళ భోజనాల తరవాత ఆ వేళ దాటింది. పియానో మోగలేదు. ఇక్కడే కూర్చుని రాస్తున్నాను, చెవి అటే ఉంచి. మోగకపోతే నయమని ఇన్నాళ్లు అనుకున్నాను. ఇప్పుడు చూడబోతే ఈ గదిలో ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

వాణ్ని చూసినవాళ్లలో మిగిలింది నువ్వొక్కదానివి. ఆ పిల్ల అడిగినదానికి జవాబు నీ దగ్గరుంది. మోకాళ్లని సంచిలో పెట్టుకుని అయినా రా. నీ గది ఊడ్పించాను.

నీ వదిన.


స్టేషన్లో, బెంచీ మీద.

వదినా,

ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే అమ్మాయికి చెప్పు. పక్కన పెట్టలేదు. పిడికిలి విప్పి, ఆ బొమ్మని చేతిలో పెట్టి, బొటనవేలు దాని మీదికి మడిచాడు అన్నయ్య. ఎడంచెయ్యి.

మిగతాది నేనొచ్చి చెబుతాను, వాడి జుట్టు దగ్గర్నించీ.

పియానో మూత తాళం తీసి ఉంచు. నాకు వినపడదు కానీ, చెక్క మీద చెయ్యి ఆనిస్తే తెలుస్తుంది.

నీ ఆడపడుచు.